ఒక్క దెబ్బకి బయటపడేవాళ్ళతో ఎలా బతకాలి?

పోయిన నెల ఒక శనివారం పొద్దున గోల్ఫు ఆడుతుంటే ఏడో హోల్ దగ్గర మా గుంటూరాయన బంకర్లోంచి, అంటే ఇసుక గోతిలోంచి, ఒక్క దెబ్బకి బయటికొచ్చాడు. బాల్ మెత్తగా లేచి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, పడి రెండు దొర్లులు దొర్లి ఆగింది. మేం ముగ్గురం కాసేపు ఏం మాట్లాడలేదు, ఎవరింట్లోనో జరగరానిది జరిగినప్పుడు గుమ్మం దగ్గర నిలబడతామే, అలా నిలబడ్డాం. ఎందుకంటే ఈయన ఆరేళ్ళ నుంచి మాతో ఆడుతున్నాడు, ఆరేళ్ళలో ఆ బంకర్లో ఆయన లెక్క నాలుగు, ఐదోది కొట్టాల్సి వస్తే బాల్‌ని చేత్తో తీసి బయటికి విసిరేయడం ఆయన పద్ధతి, ఆ పద్ధతిని మేమందరం మర్యాదగా ఆకాశం వైపు చూస్తూ గౌరవించాం కూడా.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. 2022లో పీజీఏ ఆఫ్ అమెరికా వాళ్ళు ఫ్లోరిడాలో ఉన్న హెడ్డాఫీసు ఎత్తేసి మా ఊరికొచ్చారు, అంటే ఈ దేశంలో గోల్ఫ్ పాఠాలు చెప్పే మాస్టార్లందరి సంఘం మా ఇంటికి దగ్గర్లోనే ఉంది, అయినా మేం ఇలాగే ఆడతాం. గుడి పక్కన ఇల్లున్నవాడికి గంట వినపడదు కదా.

రౌండ్ అయ్యాక ఆయన చేతులు కడుక్కోడానికి వెళ్తే మా బావగారు ఆయన బ్యాగ్ వెతికారు. నేను కాపలా ఉన్నాను. పద్నాలుగు క్లబ్బుల్లో, అంటే బాల్ కొట్టే కర్రల్లో, ఒకదానికి పాత సాక్సు తొడిగి ఉంది. సాక్సు లాగితే బయటపడింది అసలు సంగతి: అడుగుభాగం ఇంత వెడల్పున్న వెడ్జ్, బాల్‌ని ఎత్తుగా లేపే రకం క్లబ్. గోల్ఫులో కొన్ని క్లబ్బుల్ని ఐరన్ అంటారుగా, ఇది నిజంగానే ఐరన్, చొక్కాలు ఇస్త్రీ చేసుకోవచ్చు. బావగారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎవరిదో ప్రేమలేఖ దొరికినట్టు నా వైపు చూసి, "చూశావా" అన్నారు. చూశాను బావగారూ.

ఇది ఆయనొక్కడి సమస్య అనుకుంటే పొరపాటు. ఇలాంటివి బజార్లో బహిరంగంగానే అమ్ముతున్నారు. క్లీవ్‌లాండ్ వాళ్ళది స్మార్ట్ సోల్ అట, అంటే బుర్ర మన దగ్గర ఉండక్కర్లేదు, అడుగులో ఉంది. క్యాలవే వాళ్ళు ఒకదానికి ష్యూర్ అవుట్ అని పేరు పెట్టారు. క్రికెట్ చూస్తూ పెరిగిన తెలుగోడికి ఆ పేరుతో వస్తువు అమ్మాలనుకున్నవాడి ధైర్యానికి మెచ్చుకోవాలి, గ్యారంటీగా అవుట్ అవుతాం అని చెప్పి డబ్బులు తీసుకోడం మామూలు విషయం కాదు.

అసలు దీంట్లో ఉన్న మోసం ఏంటో తెలియాలంటే బంకర్ షాట్ ఏంటో తెలియాలి. మిగతా షాట్లన్నిట్లో క్లబ్ బాల్‌కి తగలాలి, ఇక్కడ తగలకూడదు. బాల్‌కి అంగుళమో రెండంగుళాలో వెనక ఇసుకలోకి దిగి, బాల్ కిందుగా జారుకుంటూ ముందుకొచ్చేయాలి, ఆ ఇసుకే బాల్‌ని ఎత్తి బయట పడేస్తుంది. దోశ తీయడం లాంటిది. అట్లకాడ పెనానికి ఆనుకుని పోతే దోశ దానంతటదే పైకొస్తుంది, అదే చాకుతో తీయబోతే పెనం గీరుకుపోతుంది, దోశ చిరుగుతుంది, అత్తగారు వంటింటి గుమ్మంలోనే ఉంటారు. సన్నటి అడుగున్న వెడ్జ్ మనలాంటోళ్ళ చేతిలో చాకు. దాని ముందంచు గునపంలా ఇసుకలో దిగబడి అక్కడే ఆగిపోతుంది, మోచేతులు జివ్వుమంటాయి, బాల్ ఉన్నచోటే ఉంటుంది. దానికి విరుగుడే బౌన్స్. ముందంచు కన్నా అడుగు వెనక భాగం కిందికి వాలి ఉండడం అన్నమాట, సాండ్ వెడ్జులకి ఇది మామూలుగా 10 నుంచి 14 డిగ్రీలు ఉంటుంది. తెలిసినవాళ్ళు క్లబ్ ముఖాన్ని ఆకాశం వైపు తెరిచి, కాళ్ళు కాస్త ఎడమకి తిప్పి, ఆ బౌన్స్‌ని వాడుకుంటారు. అది నేర్చుకోడానికి ఏళ్ళు పడుతుంది, కొంతమందికి జన్మ. ఈ వెడల్పు వెడ్జులో ముఖం తెరవక్కర్లేదు, కాళ్ళు తిప్పక్కర్లేదు, అడుగు అంత వెడల్పుంటే దిగబడమన్నా దిగబడదు. పెళ్ళి రిసెప్షన్ లాన్‌లో హైహీల్స్ వేసుకున్నవాళ్ళు మడమ మడమకీ దిగబడిపోతుంటే హవాయి చెప్పులేసుకున్న పెద్దమ్మ టకటకా నడిచెళ్ళిపోయి ముందు బంతిలో కూర్చుంటుంది చూడండి, అదీ సంగతి.

ఇప్పుడు చెప్పండి, పెద్దమ్మ భోజనం చేసేసి వెళ్ళిపోతే రిసెప్షన్ ఏం కావాలి?

నా అభ్యంతరం అదే. బంకర్ అనేది మా దగ్గర సమానత్వం మిగిలిన ఆఖరి చోటు. బయట ఒకాయన డైరెక్టరు, ఇంకొకాయన గ్రీన్ కార్డ్ క్యూలో పన్నెండేళ్ళు, ఒకాయనకి సరస్సు ఒడ్డున ఇల్లు, నాకు హైవే ఒడ్డున, కానీ గోతిలో దిగాక అందరం ఒకటే, అందరి షూల్లోనూ అదే ఇసుక. పైగా అక్కడ జరిగినన్ని మాటలు ఇంకెక్కడా జరగవు. ఒకాయన కొడుతుంటాడు, మిగతా ముగ్గురం ఒడ్డున ఇసుక సర్దే పళ్ళ రేకులు పట్టుకుని నిలబడి పిల్లల కాలేజీ అడ్మిషన్లు, ఊళ్ళో పొలం కౌలు, ఇండియాలో నాన్నగారి మోకాళ్ళు అన్నీ మాట్లాడుకుంటాం, మధ్యలో "తల ఎత్తుతున్నావ్ అన్నా" అని ఒక సలహా. మా సంబంధాల్లో ఒకటి ఆ ఏడో హోల్ బంకర్ ఒడ్డునే కుదిరింది, అబ్బాయి వివరాలన్నీ చెప్పేంతసేపు ఆయన ఇంకా లోపలే ఉన్నాడు కాబట్టి. ఇవన్నీ కలిపితే రౌండ్‌కి ఐదు గంటలు. శనివారం పొద్దున మగాడికి ఐదు గంటలు చట్టబద్ధంగా ఇంట్లో లేకుండా ఉండే ఏర్పాటు ఇంకోటి ఉంటే చెప్పండి.

సాకుల సంగతి సరేసరి. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఇప్పుడు కంపెనీవాడు మద్దెల బాగుచేసి చేతికిచ్చేస్తున్నాడు. ఇక మనం ఏమనాలి?

గోల్ఫులో మహామహులు కూడా ఇసుకలో ఏడ్చినవాళ్ళే, అదో గౌరవం. 1978లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా పదిహేడో హోల్లో చక్కగా గ్రీన్ మీదున్న బాల్‌ని పటర్‌తో, అంటే మెల్లగా దొర్లించే క్లబ్‌తో, కొట్టి మరీ రోడ్ హోల్ బంకర్లో వేసుకున్నాడు, ఆ హోల్ ముగించేసరికి తొమ్మిది దెబ్బలు. 1995లో అదే కోర్సులో జాక్ నిక్లాస్ అంతటాయన హెల్ బంకర్లో పడి, బయటపడ్డానికి నాలుగు దెబ్బలు కొట్టి, హోల్‌కి పది రాసుకున్నాడు. నాలుగు! సరిగ్గా మా గుంటూరాయన లెక్క. ఇలాంటి వారసత్వాన్ని ఒక సాక్సు కింద తాకట్టు పెట్టేశాడు ఈయన.

చరిత్ర తెలిసినవాళ్ళు ఇక్కడ నన్ను ఆపుతారని తెలుసు, కాబట్టి నేనే చెప్పేస్తా. ఈ సాండ్ వెడ్జ్ అనేదే ఒకప్పటి దొంగసరుకు. అంతకుముందు వెడ్జ్ ముఖం గిన్నెలా లోపలికి వంగి ఉండేది ఒకటి వచ్చింది, ఇసుకని గరిటెతో తోడినట్టు తోడేది, 1931లో దాన్ని నిషేధించారు. అప్పుడు జీన్ సారజెన్ అని ఒకాయన, వడ్రంగి కొడుకు, విమానం పైకి లేచేటప్పుడు తోక కిందికి దిగడం చూసి, అడుగు కిందికి దిగితే బాల్ పైకి లేస్తుంది కదా అని నిబ్లిక్ అనే పాతకాలం క్లబ్ అడుగున సీసం కరిగించి అతికించి, వెడల్పు చేసి, ఆకురాయితో రుద్దుకుంటూ కూర్చున్నాడు. 1932లో బ్రిటిష్ ఓపెన్‌కి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దలు చూస్తే వద్దంటారేమోనని దాన్ని బ్యాగులో తలకిందులుగా పెట్టి, రాత్రుళ్ళు కోటు కింద దాచి హోటల్‌కి తీసుకెళ్ళేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. టోర్నమెంట్ మొదలయ్యాక బయటికి తీశాడు, ఐదు స్ట్రోకుల, అంటే ఐదు దెబ్బల, తేడాతో గెలిచాడు. అంటే ఇవాళ మా బావగారు "అసలైన సాండ్ వెడ్జ్" అని తుడిచి తుడిచి పెట్టుకునేది కూడా ఆ రోజుల్లో వెడల్పు అడుగు వెడ్జే. ఈ సంగతి బావగారికి చెప్పాను. "అది వేరు" అన్నారు. ఎలా వేరో చెప్పలేదు, ఆయన మా ఆవిడకి అన్న, నేను అడగలేదు.

నిజానికి మా బావగారి బ్యాగులో ఉన్నవన్నీ టూర్ ప్రొఫెషనల్స్ వాడే సన్నటి బ్లేడ్లు. హ్యాండిక్యాప్ 27, అంటే ఆట అంతంతమాత్రమే. గ్రైండ్ గురించి, అంటే క్లబ్ అడుగుని అరగదీసిన తీరు గురించి, అరగంట చెప్తారు, ఏ మట్టికి ఏ బౌన్సో చెప్తారు, ఆ తర్వాత బంకర్లో దిగి మట్టితో సహా అన్నీ తవ్వుతారు. అదే మనిషి కారు తనంతట తను పార్క్ అవుతుంది, అన్నం కుక్కర్లో తనంతట తను ఉడుకుతుంది, ఆఫీసు మెయిల్స్ ఏఐ రాస్తుంది, ఇంటి గడ్డి వేరేవాళ్ళు కోస్తారు. ఎక్కడా సిగ్గు పడరు. ఇసుకలో మాత్రం స్వయంకృషి కావాలి ఆయనకి.

ఇంకో నష్టం కూడా ఉంది, ఇది నైతికమైంది. మనవాడు సాహిత్ తీగల, ఇక్కడి ప్రొఫెషనల్ గోల్ఫరు, తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళే, 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో బంకర్లో క్లబ్ వెనక్కి తీసేటప్పుడు ఇసుకకి తగిలిందని తనంతట తనే చెప్పి రెండు స్ట్రోకుల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం, రెండో స్థానంలో ఉన్న మోరికావాకి ఈయనకి తేడా సరిగ్గా రెండు స్ట్రోకులు, ఆ రెండు స్థానాల మధ్య డబ్బు లక్షల డాలర్లలో ఉంటుంది. మేం ఆ వీడియో గర్వంగా నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పంపుకున్నాం. పంపిన మర్నాడే ఏడో హోల్లో "ఎన్నన్నా, నాలుగా ఐదా?" "నాలుగే వేసుకో." ఇదీ మా లెక్క. బంకర్లో నాలుగైదు కొట్టేవాడికే ఇలా దాతృత్వం చూపించుకునే అవకాశం ఉంటుంది, ఒక్క దెబ్బకి బయటపడేవాడి దగ్గర అబద్ధం చెప్పడానికి ఏం ఉంటుంది? మనిషి బలవంతంగా నిజాయితీపరుడైపోతాడు.

ఆశ ఒక్కటే, అది మా టెక్సాస్ నల్లమట్టి. జులైలో ఎండకి నెర్రెలిచ్చి బండలా అయిపోతుంది, గడ్డి ఉందా అంటే ఉంది. అలాంటి గట్టి నేల మీద ఈ వెడల్పు అడుగు జారదు, ఎగురుతుంది, ముందంచు పోయి బాల్ నడుముకి కొడుతుంది, బాల్ నేల మట్టాన బుల్లెట్‌లా పోతుంది. తొమ్మిదో హోల్లో మా గుంటూరాయనకి సరిగ్గా ఇదే అయింది, గ్రీన్ దాటి అవతలి బంకర్లో పడింది. మాకు ప్రాణం లేచొచ్చింది, రేకులు తీసుకుని ఒడ్డున సర్దుకుని నిలబడ్డాం, బావగారు మా అబ్బాయి ఎస్సే టాపిక్ ఎత్తబోయారు కూడా. ఒక్క దెబ్బ. బయటికొచ్చేశాడు.

అందుకే నేను కొన్ని తీర్మానాలు రాసుకున్నాను. నాలుగు దెబ్బల లోపు బయటపడినవాళ్ళు మిగతా సమయం అక్కడే ఒడ్డున నిలబడి గడపాలి. సాక్సులు తొడిగిన క్లబ్బుల్ని మొదటి టీ దగ్గరే, అంటే ఆట మొదలెట్టే చోటే, తనిఖీ చేయాలి. 2019 నుంచి రెండు స్ట్రోకులు చలానా కట్టి బాల్‌ని బంకర్ బయట డ్రాప్ చేసుకోవచ్చనే రూల్ వచ్చింది, డబ్బు కట్టి బయటపడే పద్ధతి మన సంస్కృతిలో ఎలాగూ ఉంది కాబట్టి దానికి అభ్యంతరం లేదు. ఇవన్నీ ఫోన్లో టైప్ చేసుకుని నిన్న శనివారం వెళ్ళాను.

మొదటి టీ దగ్గర తనిఖీ చేద్దామని ఎవ్వరూ అనలేదు. బావగారి బ్యాగులో ఒక క్లబ్బుకి మనవడి సాక్సు ఉంది, బొమ్మలున్నది, కాస్త బిగుతుగా. నాలుగో ఆయన టవల్ చుట్టాడు. నాది తలకిందులుగా పెట్టుకున్నాను, సారజెన్ పద్ధతి. ఏడో హోల్లో నలుగురి బాల్సూ అదే బంకర్లోకి పోయాయి, ఒకరి తర్వాత ఒకరం దిగాం, ఒకరు కొడుతుంటే మిగతా ముగ్గురం అటు తిరిగి చెట్లు చూశాం. నాలుగు దెబ్బలు, నాలుగు బాల్స్ గ్రీన్ మీద. ఇసుక సర్దడానికి పట్టినంతసేపు కూడా కొట్టడానికి పట్టలేదు. అబ్బాయి ఎస్సే టాపిక్ ఏంటో ఇప్పటికీ తెలీదు.

పదకొండున్నరకల్లా ఇంటికొచ్చేశాను. మా ఆవిడ తలుపు తీసి గడియారం చూసింది, ఆకాశం చూసింది.

"వానొచ్చిందా?"

"లేదు, అయిపోయింది."

"మంచిదే. షూస్ అక్కడే విప్పండి, ఎలాగూ టైముందిగా, గరాజ్ సర్దేయండి."