ఎలుగుబంటి బొమ్మ, పెళ్లి శుభలేఖ

2002లో ఒక ఈమెయిల్ దేశదేశాలు తిరిగింది. మీ కంప్యూటర్‌లో బుల్లి ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు కోసం వెతకండి, అది వైరస్, వెంటనే తీసేయండి, తెలిసినవాళ్లందరికీ చెప్పండి అన్నది అందులోని సారాంశం. వెతికితే నిజంగానే బొమ్మ కనిపించేది. కనిపించక ఏం చేస్తుంది, అది విండోస్‌తో పాటే వచ్చే మామూలు ఫైలు! వైరసూ లేదు, పాడూ లేదు. జనం తమ చేత్తో తామే ఫైలు తీసేసుకుని, మరో పదిమంది చేత తీయించారు.

ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే దొంగ శుభలేఖదీ అదే దారి. తరచూ తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటుంది. శుభలేఖ అంటే ఫొటోనో పీడీఎఫ్‌నో కావాలి. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది యాప్. తెలియని చోటి నుంచి వచ్చిందని ఫోనే అడ్డుపడుతుంది. ఎవరి పెళ్లో చూద్దామన్న ఆత్రంలో దాన్ని దాటేసి, ఎస్ఎంఎస్‌లు చదవడానికీ అనుమతి ఇచ్చేస్తే బ్యాంకు ఓటీపీలు దొంగలకు చేరతాయి. ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ పేర్లతో వచ్చేవీ ఇలాంటివే.

అన్నిటికీ నొక్కినవాళ్లదే తప్పు అనడానికీ లేదు. 2017 మేలో వాన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఎవరూ ఏదీ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ రూపంలో మందు ఇచ్చింది అదే ఏడాది మార్చిలో. అప్‌డేట్ చేయనివే దెబ్బతిన్నాయి.

లింకులు నొక్కొద్దని చెప్పే బ్యాంకులే కేవైసీకి, ఆఫర్లకు లింకులు పంపుతుంటే ఖాతాదారుకు తేడా ఎలా తెలుస్తుంది? బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబర్ 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించడం మంచి పనే. కానీ చత్వారం కళ్లతో ఎస్ఎంఎస్ చూసే పెద్దాయన ఆ అక్షరాలు ఎక్కడ పట్టుకుంటాడు? అసలు మెసేజుల్లో లింకులు పంపడమే బ్యాంకులు మానాలి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది చేతులు మారేలోపు ఆపే అవకాశం ఉంటుంది. స్టేషన్‌లోనూ ఇంట్లోనూ ముందు ఎదురయ్యే ప్రశ్న మాత్రం, 'చదువుకున్నారు కదా, ఎలా నొక్కారు?' ఆ మాటకు జంకి ఒక పూట ఆగితే చాలు, డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.