నాలుగు పిక్సెళ్ల పంచాయితీ

గ్రాఫిక్స్ డ్రైవర్ (కంప్యూటర్‌లో బొమ్మలు గీసే చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద పనిచేస్తానంటే మా అమ్మకు ఇప్పటికీ అదేదో బండి నడిపే ఉద్యోగమే. "రాత్రిళ్లు డ్రైవింగ్ ఎందుకురా?" అంటుంది. ఈ వారం ఆవిడ మాటే నిజమనిపించింది.

మా డ్రైవర్‌లో ఒక్క లైను మార్చినా వల్కన్ (ఆ చిప్‌కి ప్రోగ్రాములు పని చెప్పే పద్ధతి) టెస్టులన్నీ నడవాలి. లక్షల్లో ఉంటాయవి. అందులో ఒకే ఒక్కటి, రోజూ రాత్రి రన్‌లో ఎర్రబడుతోంది. పొద్దున్నే దాన్ని విడిగా నడిపితే బుద్ధిగా పాసవుతుంది. డాక్టర్ గుమ్మం ఎక్కగానే జ్వరం దిగిపోయే పిల్లల బాపతు.

సరే, మొత్తం గుంపుని నా మెషీన్‌లో నడుపుతూ గిట్ బైసెక్ట్ (తప్పు ఏ మార్పుతో మొదలైందో వెతికిపెట్టే సాధనం) పెట్టాను. సగానికి సగం కోసుకుంటూ పోతే వెయ్యి కమిట్లు (కోడ్ మార్పులు) ఉన్నా పది మెట్లలో దొంగ దొరకాలి. దొరికాడు. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు! కాస్త ఘాటుగానే మెసేజ్ పెట్టాను.

"అన్నా, నేను రీడ్‌మీలో స్పెల్లింగ్ దిద్దానంతే."

నా మెషీన్‌లో ఆ టెస్టు మూడ్ బాగుంటేనే ఫెయిలవుతుంది. మధ్యలో ఒక్క మెట్టు దగ్గర పొరపాటున పాసైతే చాలు, బైసెక్ట్ ఏ మాత్రం మొహమాటం లేకుండా పక్కింటి తలుపు కొడుతుంది.

ఈలోగా ఆ ఎరుపు వల్ల అందరి మార్పులూ ఆగిపోయి, ఫోన్లు మొదలయ్యాయి. ఆ టెస్టు పేరును 'ఫెయిలవుతుందని తెలిసినవి' అనే జాబితాలో తాత్కాలికంగా పడేసి పడుకున్నాను. (తాత్కాలికం అంటే ఏమిటో ఏ ఆఫీసులో పనిచేసినవారికైనా తెలుసు.)

మర్నాడు ఆ టెస్టు గీసే బొమ్మలు ముందేసుకున్నాను. రావలసిన బొమ్మ, వచ్చిన బొమ్మ, రెండింటి తేడా. తేడా బొమ్మంతా కటిక నలుపు. ఎడమవైపు కింది మూలన మాత్రం నాలుగు చుక్కలు. వచ్చిన బొమ్మలో ఆ మూలను పెద్దది చేసి చూస్తే ఆకుపచ్చ. మా టెస్టులో ఆకుపచ్చ రంగే లేదు! దానికి ముందు నడిచే టెస్టులో ఉంది, ఇంత పెద్ద ఆకుపచ్చ త్రికోణం. పక్కింటివాళ్ల ముగ్గు మా వాకిట్లో తేలిందన్నమాట. పాతవాళ్లు ఖాళీ చేసిన మెమరీని మూలలు కడగకుండానే మా డ్రైవర్ కొత్తవాళ్ల చేతికి తాళాలిచ్చేస్తోంది. విడిగా నడిపినప్పుడు ముందు కాపురమున్నవాళ్లే లేరు, అక్కడ సున్నాలే ఉండేవి. అందుకే పాస్.

ఒక్క లైనుతో మూల కడిగించాను. ఆ రాత్రి కాఫీ కలుపుకుని మరీ రన్ చూస్తూ కూర్చున్నాను.

ఎరుపు. మళ్లీ అదే టెస్టు.

చెమటలు పట్టాయి. లాగ్ తెరిచాను. "ఫెయిలవ్వాల్సింది పాసైంది, కాబట్టి ఫెయిల్" అని దాని సారాంశం.

అంతలో కుర్రాడి మెసేజ్: "అన్నా, ఆ జాబితాలో చివరగా చేయి పెట్టిందెవరో చూశాను. పేరు చెప్పమంటారా?"