పొలం గట్టు శాటిలైట్‌కి తెలీదు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి నుంచి జయపురం దాకా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో జీపీఎస్ మీద ఒక పొడవాటి మెసేజ్ తిరుగుతోంది. ఫార్వర్డ్ చేసిన ప్రతివాళ్లూ తలో ముక్క కలిపినట్టున్నారు. మొత్తం సారాంశం ఇది: నెట్ లేని ఏజెన్సీలో జీపీఎస్ పనిచేయదు, ఫోన్ ఆపేసినా శాటిలైట్ మనల్ని చూస్తూనే ఉంటుంది, ఫోన్ పట్టుకుని పొలం చుట్టూ తిరిగితే అమీన్‌తో (భూమి కొలిచే సర్వేయరుతో) పనిలేదు, అంగుళం తేడా రాదు, మన దేశపు జీపీఎస్ లాంటి నావిక్ ఉన్న ఫోన్ కొంటే ఇక తప్పే రాదు, కొఠియా ఊళ్లు ఏ రాష్ట్రానివో శాటిలైటే తేల్చేసింది, అడవిలో ఉన్నా సముద్రంలో ఉన్నా అంకెలు చెప్తే చాలు, మనిషి దొరుకుతాడు. ఈ చివరిది చాలావరకు నిజమే. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది.

ఆ ఉపగ్రహం అసలేం చేస్తుందో తెలిస్తే ఇందులో సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అది చాటింపు వేస్తుంది: ‘ఇప్పుడు టైం ఇంత, నేనున్న చోటు ఇది.’ అంతే. చాటింపు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం ఎంతో ఫోన్ లెక్కేసుకుంటుంది. మూడు ఉపగ్రహాలు చాలవా అంటే చాలవు. ఉపగ్రహంలో ఉన్నది అణు గడియారం, ఫోన్‌లో ఉన్నది చవక గడియారం. సెకనులో పది లక్షల్లో ఒక వంతు తేడా పడితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆ తేడాను పట్టుకోడానికి నాలుగోది కావాలి. ఊరి పేరు, రోడ్డు, సర్వే నంబరు, రాష్ట్రం, ఇవేవీ ఆ చాటింపులో ఉండవు. అవన్నీ కింద మనుషులు గీసిన మ్యాపులోవి.

‘నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు’

పనిచేస్తుంది. సుంకి ఘాట్‌లో టవర్ పోయినా, చాలా ఫోన్లలో ఫ్లైట్ మోడ్ పెట్టినా నీలం చుక్క కదులుతూనే ఉంటుంది. నెట్ లేకపోతే ఆగేది మ్యాపు బొమ్మ. బూడిద రంగు గళ్ల మీద చుక్క ఒక్కటే కనిపించేసరికి జీపీఎస్ పోయిందనుకుంటారు. బయల్దేరే ముందే ఆ జిల్లా మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకుంటే ఆ బాధ ఉండదు.

అయితే ఈ అపోహ ఊరికే పుట్టలేదు. నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్‌కి సర్వర్ ముందే చెప్పేస్తుంది, కొన్ని సెకన్లలో చోటు దొరుకుతుంది. నెట్ లేకపోతే ఆ సంగతి కూడా ఉపగ్రహం నుంచే వినాలి. ఉపగ్రహం సెకనుకు 50 బిట్లే పంపుతుంది. తన చోటు గురించిన వివరం 30 సెకన్లకోసారి తిరిగి చెప్తుంది. అందులో అవసరమైన భాగమే 18 సెకన్లు. మధ్యలో ఒక చెట్టో కొండ మలుపో అడ్డొచ్చి ముక్క తెగిందా, మళ్లీ వచ్చే దాకా ఆగాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సాల చెట్ల నీడలో పోతూ ‘ఎంతసేపటికీ లొకేషన్ రాదేం’ అనుకునేది ఇందుకే. దిగి, ఆకాశం కనిపించే చోట ఫోన్‌ని జేబులోంచి తీసి రెండు మూడు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. ఇంకో ఉపాయం: టవర్ ఉన్న ఊళ్లోనే ఒకసారి లొకేషన్ తెరిచి చుక్క పడనివ్వండి. అప్పుడు తెచ్చుకున్న వివరం రెండు మూడు గంటలు పనికొస్తుంది, ఘాట్‌లో వెంటనే దొరుకుతుంది.

‘ఫోన్ ఆపేసినా శాటిలైట్ చూస్తూనే ఉంటుంది’

జీపీఎస్ ఉపగ్రహానికి నోరే కానీ చెవుల్లేవు. ఎంతమంది వింటున్నారో, ఎవరు వింటున్నారో దానికి తెలియదు. మన చోటు బయటికి పోయేది ఫోన్‌లోని సిమ్ ద్వారా, నెట్ ద్వారా. బస్సులో బిగించే ట్రాకింగ్ పెట్టె కూడా అంతే, లోపల సిమ్ లేకపోతే అది ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొన్ని కొత్త ఫోన్లు ఆపేశాక కూడా బ్లూటూత్‌తో చుట్టుపక్కల ఫోన్లకు తమ ఉనికి తెలుపుతాయి, దానికీ ఆకాశానికీ సంబంధం లేదు. ఫోన్ పోతే శాటిలైట్‌ని నమ్ముకుని కూర్చోకండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు, బ్లాక్ చేయించండి.

‘పొలం చుట్టూ తిరిగితే చాలు, అంగుళం తేడా రాదు’

మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన ముక్క ఇదే. ఈ మాట పట్టుకుని గట్లు తవ్వుకుంటే తగవు తహసీల్ దాకా పోతుంది.

మామూలు ఫోన్‌కి బయలు ప్రదేశంలో వచ్చే తేడా దాదాపు 5 మీటర్లు. చెట్ల కింద, గోడ పక్కన, కొండ వాలులో ఇంకా ఎక్కువ, ఎందుకంటే సిగ్నల్ తిన్నగా కాకుండా ఆకుల్లోంచి, రాళ్ల మీంచి కొట్టుకుని వస్తుంది. ఫోన్ ఆ అదనపు దారిని కూడా దూరంలో కలిపేసుకుంటుంది. ‘మా ఫోన్ 3 మీటర్లే చూపిస్తోంది’ అంటారా? చుక్క చుట్టూ కనిపించే ఆ వృత్తానికి ఆండ్రాయిడ్‌లో అర్థం 68 శాతం నమ్మకం. అంటే ఇంచుమించు మూడింట ఒకసారి మీరు ఆ వృత్తం బయటే ఉంటారు.

లెక్క చూడండి. 10 మీటర్లు, 20 మీటర్ల ఇంటి స్థలం, 200 చదరపు మీటర్లు. ఒడిశా పట్టాలో 5 డెసిమల్ అని రాస్తారు, మన సెంటూ అదీ ఒకటే, 40.47 చదరపు మీటర్లు. నాలుగు వైపులా 3 మీటర్లు బయటికి జరిగితే 16, 26 మీటర్లు: 416 చదరపు మీటర్లు, 10 డెసిమల్ పైమాటే. లోపలికి జరిగితే 4, 14 మీటర్లు: 56 చదరపు మీటర్లు, ఒకటిన్నర డెసిమల్ కూడా రాదు. ఒకే స్థలం, ఒకే ఫోన్. ఎకరం చతురస్రానికి అదే తేడా అటు 1.2 ఎకరాలు, ఇటు 0.82 ఎకరాలు.

నిజానికి ఇంత ఘోరం రోజూ జరగదు. పది నిమిషాల్లో చుట్టి వస్తే తప్పు తరచుగా అన్ని మూలలకూ ఒకే వైపుకు పడుతుంది. అప్పుడు విస్తీర్ణం బాగానే వస్తుంది. అసలు మోసం అక్కడే ఉంది. పట్టాలో ఉన్న ఎకరం యాప్‌లోనూ ఎకరమే వచ్చిందని సంతోషించేలోపు, ఆ ఎకరం మొత్తం ఎత్తి నాలుగు మీటర్లు పక్కవాడి జీడితోటలో కూర్చుని ఉంటుంది. విస్తీర్ణం సరిపోతే హద్దు సరిపోయినట్టు కాదు.

దున్నకం కూలి, విత్తనం లెక్క, మందు లెక్క కోసమైతే యాప్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, ముఖ్యంగా రెండెకరాలు దాటిన బయలు భూమిలో. ప్రతి మూలా నిమిషం సేపు ఆగండి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి తిరగండి. రెండు అంకెలకూ పదో వంతుకు మించి తేడా ఉంటే రెండూ పారేయండి.

హద్దు రాయి పాతాలంటే రోవర్ కావాలి: సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ స్టేషన్ల (ఒకేచోట ఉండి ఎప్పుడూ ఉపగ్రహాలను వినే కేంద్రాల) నుంచి నెట్ ద్వారా సవరణ తీసుకుని సెంటీమీటర్లలో చెప్పే పరికరం. దాంతో కొలిచేవాళ్ల పక్కన నిలబడితే రెండే చూడండి. తెర మీద ‘ఫిక్స్’ అని ఉండాలి. ‘ఫ్లోట్’ అని ఉంటే అప్పుడు చెప్పేది సెంటీమీటర్లు కాదు, అర మీటరు దాకా తప్పొచ్చు. రెండోది కర్రకున్న నీటి బుడగ. 2 మీటర్ల కర్ర 5 డిగ్రీలు వంగితే పైనున్న యాంటెన్నా 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. తెర మాత్రం దర్జాగా ‘ఫిక్స్’ అనే చూపిస్తుంది. సవరణకు నెట్ కావాలి కాబట్టి, టవర్ లేని ఊళ్లో సొంత బేస్ (కదలకుండా ఒకచోట ఉండే రెండో పరికరం) ఒకటి పెట్టి రేడియోతో పంపుకోవాలి.

అప్పుడైనా పరికరం చెప్పేది రాయి ఎక్కడుందో, అంతే. రాయి ఎక్కడ ఉండాలో చెప్పేది నక్షా, అంటే ఊరి భూముల పటం. మైలుకు 16 అంగుళాల లెక్కన గీసిన పాత నక్షా అయితే అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 2 మీటర్లు. అమీన్ గొలుసు పట్టుకుని పాత రాళ్ల కోసం, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటు కోసం వెతికేది ఇందుకే. ఆ పని ఫోన్ చేయలేదు.

ఇదే ఫోన్‌తో ఎత్తు కూడా కొలిచి, కొండ మీది ఊటనీళ్లు పైపులో ఊళ్లోకి దిగుతాయో లేదో తేలుస్తున్నవాళ్లున్నారు. వద్దు. ఎత్తులో తప్పు అడ్డం తప్పు కంటే ఎక్కువ, ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు కదా. పైగా జీపీఎస్ నేరుగా చెప్పే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, భూమికి వేసిన ఒక గణిత గుడ్డు ఆకారం నుంచి. సవరించని యాప్‌తో గోపాల్‌పూర్ ఇసుకలో నిలబడితే మైనస్ 60 మీటర్ల పైన చూపిస్తుంది. పైపు వాలుకు నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టమే మేలు.

‘నావిక్ ఉంటే తప్పే రాదు’

నావిక్ మనదే, గర్వించాల్సిందే. 2013 జులైలో తొలి ఉపగ్రహం ఎగిరింది. ఏడు ఉపగ్రహాల ఏర్పాటు, మన దేశం, చుట్టూ 1,500 కిలోమీటర్లు దాని పరిధి. అవి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున మన వైపే ఉంటాయి కాబట్టి లోయల్లో అదనపు బలమే. కానీ దెబ్బలూ తిన్నది. మొదటి ఉపగ్రహంలో మూడు అణు గడియారాలూ చెడిపోయాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపినది రాకెట్ కవచం విడిపోకపోవడంతో దక్కలేదు. 2025 జనవరిలో వెళ్లిన మరో నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు ఎక్కలేకపోయింది. అందుకే ఏ ఫోనూ నావిక్ ఒక్కదాని మీదే నడవదు. జీపీఎస్‌నీ, అలాంటివే అయిన రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైదూలనూ అన్నీ కలిపి వింటుంది, అదే మంచిది కూడా.

జీపీఎస్ అమెరికాది కదా, ‘అమెరికావాడు కావాలనే తప్పు చూపిస్తాడు’ అన్న మాటకు ఒకప్పుడు ఆధారం ఉంది. 2000 మే దాకా మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టేవాళ్లు, తేడా 100 మీటర్ల దాకా ఉండేది. ఆ నెలలో ఆపేశారు. ఇప్పుడు తేడా తెచ్చేది దేశం పేరు కాదు, ఫోన్ రెండు ఫ్రీక్వెన్సీలు వింటుందా లేదా అన్నది. పై వాతావరణంలోని విద్యుత్ పొర సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది, మన అక్షాంశాల్లో పొద్దుగూకాక మరీ చికాకు పెడుతుంది. ఆ ఆలస్యం ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, రెండూ వినే ఫోన్ దాన్ని లెక్కగట్టి తీసేయగలదు. ఆ ఫ్రీక్వెన్సీల పేర్లు ఎల్1, ఎల్5. కొనేటప్పుడు ఎల్1తో పాటు ఎల్5 కూడా ఉందా అని చూడండి.

‘కొఠియా ఎవరిదో శాటిలైట్ తేల్చేసింది’

సాలూరు వైపూ, పొట్టంగి వైపూ ఆంధ్రా, ఒడిశా రెండు రాష్ట్రాలూ మావేనంటున్న ఊళ్లవి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగవు. 2006లో కోర్టు యథాతథ స్థితి కొనసాగించమంది. మ్యాపు యాప్‌లో గీత ఇటుందని ఒకరూ, అటుందని ఇంకొకరూ స్క్రీన్‌షాట్లు పెట్టుకుంటున్నారు. ఆ గీత ఉపగ్రహం గీసింది కాదు, మ్యాపు కంపెనీ ఏదో ఒక పటం నుంచి ఎక్కించుకున్నది. అక్కడ నిలబడితే జీపీఎస్ అక్షాంశం, రేఖాంశం చెప్తుంది, రాష్ట్రం చెప్పదు. ఇంకొందరు ‘నా ఫోన్‌కి ఆంధ్రా మెసేజ్ వచ్చింది’ అంటారు. అది టవర్ సంగతి. ఎదురు కొండ మీద ఆంధ్రా టవర్ బలంగా ఉంటే ఒడిశాలో ఉన్న ఫోన్ దాన్నే పట్టుకుంటుంది. ఉపగ్రహాల సిగ్నల్ అందనప్పుడు ఫోన్ ఆ టవర్ని బట్టే ఊరిని ఊహిస్తుంది, కిలోమీటర్ల కొద్దీ తప్పొచ్చు.

‘అంకెలు చెప్తే చాలు’

చాలు, ఏ పద్ధతిలో చెప్తున్నారో కూడా చెప్తే. గోపాల్‌పూర్ పడవల్లో జీపీఎస్ పరికరాలు ఎక్కువగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో భాగాలు చూపిస్తాయి: 19 డిగ్రీల 15.50 నిమిషాలు. దీన్ని ఫోన్‌లో విని 15 నిమిషాల 50 సెకన్లు అని రాసుకుంటే 600 మీటర్ల పైన తేడా. 19.1550 అని ఫోన్ మ్యాపులో కొడితే పదకొండున్నర కిలోమీటర్లు పక్కకు, రాత్రి సముద్రంలో అదెంతో వలవాళ్లకు చెప్పక్కర్లేదు. 15.50ని 60తో భాగించి 19కి కలిపితే వచ్చే 19.25833 సరైనది.

108కి చెప్పేటప్పుడు ఫోన్‌లో కనిపించే దశాంశ రూపమే చెప్పండి. చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే 11 మీటర్ల లోపు, ఐదుంటే దాదాపు ఒక మీటరు. ఐదుకు మించి చెప్పడం దండగ, ఫోన్‌కే అంత తెలీదు. ముందు అక్షాంశం, మన వైపు 18, 19 అని మొదలయ్యేది. తర్వాత రేఖాంశం, 82 నుంచి 85 లోపు. నెట్ లేకపోయినా ఒక్క గీత సిగ్నల్ దొరికితే మామూలు ఎస్ఎంఎస్‌లో ఎవరికైనా పంపొచ్చు. మాట మీద చెప్తుంటే ఒక్కో అంకె విడివిడిగా చెప్పండి, అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించే దాకా ఫోన్ పెట్టకండి.