ఈగలు కూడా రాని దుకాణం

బేరాలు లేని దుకాణదారుణ్ణి చూసి ‘ఈగలు తోలుకుంటున్నాడు’ అనడం మనకు అలవాటు. ఈ మాట పుట్టించినవారెవరో గాని, మిఠాయి కొట్టునో బెల్లం అంగడినో చూసి పుట్టించి ఉంటారు. అక్కడ కనీసం ఈగలైనా వస్తాయి. మా మేనల్లుడు పెట్టింది ఏసీలు బాగుచేసే దుకాణం. అందులో ఈగకు ఏం పని? రాగి గొట్టాలు, పాత కెపాసిటర్లు, ఒక నిచ్చెన, ఒక గ్యాస్ సిలిండరు. జూన్ రెండో వారం నుంచి ఆ కుర్రవాడు తోలడానికి ఈగ కూడా లేక, సాయంత్రం దోమల బ్యాటు పట్టుకుని కూర్చునేవాడు. వ్యాపారం ఇంతగా పడకేసినప్పుడు ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో, నలుగురికీ చెప్పడం అనుభవజ్ఞుడిగా నా బాధ్యత. ఏమిటి మీ అనుభవం అని అడగవద్దు. ముప్ఫై రెండేళ్ళు ప్రభుత్వోద్యోగం చేశాను. ఆ కాలమంతా నా బల్ల ముందు జనం బారులు తీరి నిలబడ్డారు. వారిలో ఒక్కరినైనా నేను పిలిచింది లేదు.

మొదటి నుంచీ చెబుతాను. కుర్రవాడు ఐటీఐలో రెండేళ్ళు ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ కోర్సు చదివి, మరో మూడేళ్ళు ఇంకొకరి దగ్గర పనిచేసి, మాఘమాసంలో మంచి ముహూర్తం చూసుకుని విజయవాడలో సొంతంగా దుకాణం తెరిచాడు. గణపతి హోమం, బూడిద గుమ్మడికాయ, రిబ్బను, అరవై మంది బంధువులకు టిఫిన్లు. బోణీ నేనే చేశాను. పన్నెండేళ్ళనాటి మా ఏసీని విప్పి, కడిగి, కెపాసిటరు మార్చి, తిరిగి బిగించినందుకు తాంబూలంలో నూట పదహార్లు పెట్టి ఇచ్చాను. కెపాసిటరు ఖరీదే అంతకు రెండింతలని వాడు గొణిగినట్టు అనిపించింది గాని, బోణీ నాడు లెక్కలు మాట్లాడటం అశుభమని నేను వినిపించుకోలేదు. నన్ను చూసి మిగతా బంధువులూ ఉత్సాహంగా ముందుకొచ్చారు. రెండు నెలలు వాడికి ఊపిరి సలపలేదు. లెక్కల పుస్తకం తెరిస్తే ఆ పేజీల్లో, డబ్బు రాయవలసిన గడిలో, వరసగా ‘మనవాళ్ళు’, ‘మనవాళ్ళు’, ‘మనవాళ్ళే’ అని కనిపిస్తుంది. చివరి దానికి ఆ ‘ఏ’ ఎందుకు చేర్చాడో మా చెల్లెల్ని అడిగాను. కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఎండలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గాని ఏసీలు అంతకు నెల ముందే మొరాయించాయి. డబ్బిచ్చే మనుషులు, అంటే బంధువులు కానివాళ్ళు, ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. వాడు స్కూటరు మీద నిచ్చెన కట్టుకుని అన్నం వేళకు కూడా ఇంటికి రాకుండా తిరిగాడు. పేర్లు అడిగే తీరిక లేక, ఫోనులో నంబర్లను గుర్తులతో దాచుకున్నాడు. ‘గ్యాస్ పట్టించిన ఆంటీ’, ‘కుక్క ఉన్న ఇల్లు’, ‘లిఫ్టు పనిచేయని అయిదో అంతస్తు’, ‘చిల్లర లేదన్న సారు’, ‘మజ్జిగ ఇచ్చిన బామ్మగారు’. ఈ జాబితా సంగతి మళ్ళీ వస్తుంది. మా కుటుంబ ప్రతిష్ఠకు మచ్చ తెచ్చింది ఇదే.

మృగశిర వచ్చింది, వాన పడింది, ఫోను ఆగింది. ఆగిందనడం పూర్తిగా నిజం కాదు. రోజుకు ఏడెనిమిది సార్లు మోగేది. నెలకు ఇంత కడితే రోజూ పది మంది ఖాతాదారుల్ని పంపిస్తామని ఒకరు, అంతకంటే తక్కువకే పదిహేను మందిని పంపిస్తామని ఇంకొకరు. ఖాతాదారుల్ని వెతికిపెట్టే వ్యాపారం చేసేవారు తమకు ఖాతాదారులు దొరక్క మా వాణ్ణి పట్టుకున్నారన్న మాట. సాటివాడి కష్టం తెలిసినవాడు గనుక మా వాడు ఫోను పెట్టేయలేక అందరి మాటా చివరిదాకా వినేవాడు.

కుటుంబ సభ సమావేశమైంది. ముందుగా వాస్తు. షట్టరు దక్షిణానికి ఉందని సిద్ధాంతిగారు తేల్చారు. రోడ్డే అటు ఉంది గనుక షట్టరూ అటే ఉందని కుర్రవాడు వాదించబోయాడు. రోడ్డును కదపలేం గనుక కౌంటరును కదిపాం. ఇప్పుడు లోపల కూర్చున్నవాడు బయటికి కనబడడు. అప్పులవాళ్ళకూ కనబడడు, అది అదనపు లాభం అన్నారు సిద్ధాంతిగారు. తర్వాత సంఖ్యాశాస్త్రం. దుకాణం పేరులో ఉన్న ‘కూల్’ అన్న మాటకు ఇంగ్లిషులో రెండు ‘ఓ’లు చాలవని, మూడోది చేర్పించారు. బోర్డు మళ్ళీ రాయించడానికి మూడున్నర వేలైంది. ఈ రోజుల్లో ఒక్క అక్షరానికి అంత ధర పలికించుకునే కవి ఎవరూ ఉన్నట్టు లేరు.

ఫ్లెక్సీ నా ఆలోచన. పన్నెండడుగులది. కుటుంబ పెద్దలు తొమ్మిది మంది ఫోటోలు, మధ్యలో నల్లకళ్ళద్దాలతో నేను, కింద ‘శుభాకాంక్షలతో’ అని. ఏసీ బొమ్మకు చోటు చాలలేదు. ఫోను నంబరును మాత్రం ఒక మూల ఇరికించాం. అది చదవాలంటే నిచ్చెన వేసుకుని ఎక్కాలి, నిచ్చెనేమో దుకాణంలో ఉంది. కనుక చదవదలచుకున్నవారు ముందు దుకాణానికి రాక తప్పదు. ఇంత లోతైన ఉపాయం వారం తిరగకముందే గాలివానకు చిరిగిపోయింది. మిగిలిన ముక్కను ఎదుటి ఇడ్లీ బండి ఆయన పైన కప్పుకున్నాడు. నా నల్లకళ్ళద్దాల కింద రోజూ ఉదయం ఆరు నుంచి పదిన్నర దాకా జనం కిటకిటలాడుతున్నారు. ప్రచారం పనిచేయలేదని ఎవరూ అనలేరు.

కరపత్రాలు వెయ్యి కొట్టించి, తెల్లవారుజామున పేపరు కుర్రాళ్ళ చేత దినపత్రికల మడతల్లో పెట్టించాం. నాలుగో రోజున నేను మిరపకాయ బజ్జీలు కొన్నాను. పొట్లం విప్పితే మా వాడి కరపత్రమే. నూనె పీల్చి కాగితం అద్దంలా అయిపోయింది, వెనకా ముందూ అచ్చు కలిసిపోయి ఫోను నంబరులో పదికి బదులు పద్నాలుగు అంకెలు కనబడ్డాయి. బజ్జీలు బాగున్నాయి.

ఈ కాలపు పిల్లలు గూగుల్ మ్యాప్‌లో చుక్కలు కావాలన్నారు. బంధువులందరికీ చెప్పాం. మూడు రోజుల్లో ముప్ఫై నాలుగు మంది అయిదేసి చుక్కలు ఇచ్చారు, అందరిదీ ఒకే ఇంటిపేరు. న్యూజెర్సీలో ఉన్న మా బాబాయి కొడుకు, ‘పిలిచిన పది నిమిషాల్లో వచ్చారు’ అని రాశాడు. అసలు ఖాతాదారు రాసింది ఒక్కటే. ‘పని చాలా బాగా చేశాడు, మర్యాదస్తుడు’ అని మెచ్చుకుని ఒకే ఒక్క చుక్క ఇచ్చారు ఆ పెద్దాయన. తర్వాత తెలిసింది, ఆయన దృష్టిలో అది ఒకటో ర్యాంకట.

ప్రభుత్వం ఏం చేస్తోందని ప్రశ్నించేవారు ఎప్పుడూ ఉంటారు. 2015లో ముద్ర పథకం పెట్టి, 50 వేల దాకా ‘శిశు’, 5 లక్షల దాకా ‘కిశోర్’, 10 లక్షల దాకా ‘తరుణ్’ అని రుణాలకు పేర్లు పెట్టారు. తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల దాకా ఇచ్చే ‘తరుణ్ ప్లస్’ను 2024 బడ్జెట్‌లో చేర్చారు. మా వాడు శిశు తీసుకున్నాడు. శైశవం నుంచి తిన్నగా వార్ధక్యంలోకి వెళ్ళే వ్యాపారాలకు ఏమిస్తారో పథకంలో కనబడలేదు. హోదాకు మాత్రం లోటు లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, ఏడాది టర్నోవరు 10 కోట్లు దాటనంత వరకు సూక్ష్మ సంస్థే. తొమ్మిది కోట్ల టర్నోవరు ఉన్న ఆసామీ, జెట్ పంపు ఒకటీ పాత స్కూటరు ఒకటీ ఉన్న మా వాడూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. సూక్ష్మ సంస్థగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యమ్ ధ్రువపత్రాన్ని పటం కట్టించి లక్ష్మీదేవి పక్కన తగిలించాం. రోజూ రెండింటికీ కలిపే అగరొత్తి.

ఇక మిగిలింది ధర తగ్గించడం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేకపోయినా చీరల కొట్లు తగ్గింపు బోర్డు పెట్టి జనాన్ని లాగుతాయి, మనమెందుకు లాగలేమని మా తమ్ముడు పట్టుబట్టాడు. 599 రూపాయల సర్వీసును 399 చేశాం. ఎదుటి వీధి వాడు 349 అన్నాడు. మేం 299 అన్నాం. కిటికీ తీస్తే చల్లగాలి ఊరికే వస్తున్న రోజుల్లో ఇదంతా జోరువానలో చలివేంద్రం పెట్టినట్టుందని కుర్రవాడు అన్నాడు. పెద్దల మాటకు అడ్డు రావడం అప్పటికే మొదలైంది. అప్పుడు నేను నాంపల్లి ఉదాహరణ చెప్పాను. ఏటా మృగశిర నాడు ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి మందని నమ్మి, బతికున్న కొర్రమీను పిల్లను మింగడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి బారులు తీరుతారు. ఆ మందు వేసే బత్తిని వారు దానికి రూపాయి తీసుకోరు. ఉచితమైతే మన జనం చేపనైనా మింగుతారు, కనుక ‘ఉచిత తనిఖీ’ అని ప్రకటించు అన్నాను. ప్రకటించాడు. అయిదుగురు పిలిచారు. వారిలో ఇద్దరికి అసలు ఏసీయే లేదు, వచ్చావు గనుక ఫ్యాను చూడమన్నారు.

ఇక్కడిదాకా అంతా శాస్త్రోక్తంగానే జరిగింది. ఫలితం రాకపోవడం వేరే సంగతి. ఆ తర్వాత జరిగిందే దారుణం.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మా చెల్లెలు దుకాణంలో కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ముందు ఒక నోటు పుస్తకం పరుచుకుని, కొడుకు ఫోనులోని ఆ గుర్తుల జాబితా ప్రకారం ఒక్కొక్కరికే ఫోను చేస్తోంది. “నమస్కారమండీ. మే నెలలో మా అబ్బాయి మీ ఇంట్లో ఏసీకి గ్యాస్ పట్టాడు. ఇప్పుడు బాగానే పనిచేస్తోందా? వానలు కదా, లోపలికి నీళ్ళేమీ కారడం లేదు కదా? అన్నట్టు, మీ పేరేమిటన్నారూ?”

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. డబ్బు తీసుకున్న రెండు నెలలకు ‘బాగా పనిచేస్తోందా’ అని మనమే అడగడమా? కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. నా ఉద్యోగ జీవితంలో, పని పూర్తయిన మనిషిని ‘పూర్తయిందా’ అని అడిగిన పాపాన పోలేదు. అదే అన్నాను. “నువ్వు కాస్త ఆగు అన్నయ్యా, బామ్మగారు మాట్లాడుతున్నారు” అని చేయి ఊపింది.

నలభై మూడు నంబర్లు చేసింది. పదకొండు మంది ఎత్తలేదు. ఇద్దరు ‘ఎవరు మీరు’ అన్నారు. చిల్లర లేదన్న సారు గొంతు గుర్తుపట్టి పెట్టేశాడు. ‘కుక్క ఉన్న ఇల్లు’ లెక్కల టీచరమ్మదని తెలిసింది. కుర్రవాడు తన స్క్రూడ్రైవరు వాళ్ళింట్లోనే మరచిపోయాడట, మూడు నెలలుగా అల్మరాలో దాచి ఉంచారట. అది తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు గీజరు చూడగలవా అని అడిగారు. మజ్జిగ బామ్మగారి గదిలో గోడ తడిసి పెచ్చులూడుతోంది, వాన నీరనుకుని ఆవిడ మేస్త్రీని పిలవబోతున్నారు. వాన కాదు, గాలిలో తేమ పెరిగి ఏసీ లోపల నీరు ఎక్కువ చేరుతోందని, డ్రెయిన్ పైపులో నాచు పట్టడంతో ఆ నీరు దారిలేక గోడమీదికి వస్తోందని మా వాడు చెప్పి పైపు ఊది వచ్చాడు. అరగంట పని, మూడు వందలు, మళ్ళీ మజ్జిగ. ఆషాఢంలో కూడా ఏసీకి జబ్బు చేస్తుందన్నది వాడికి కోర్సులో చెప్పారట. కుటుంబ సభలో మాత్రం ఎవరూ వాణ్ణి అడగలేదు, అడగడం సభా సంప్రదాయమూ కాదు.

ఇంతటితో ఆగినా బాగుండేది. ‘లిఫ్టు పనిచేయని అయిదో అంతస్తు’ ఉన్న అపార్టుమెంటులో వాచ్‌మన్ మంచం మీద పై నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయని వీడు గమనించాడు. మొదటి అంతస్తు వారి ఏసీ నీళ్ళ గొట్టం ఊడి వేలాడుతోంది. నిచ్చెన వేసి దాన్ని బిగించాడు. డబ్బు తీసుకోలేదు! రక్తసంబంధం లేని మనిషికి, అందులోనూ వాచ్‌మన్‌కు, ఉచితంగా పని! మేమంతా ఉండగా! ఆయన వీడికి టీ ఇప్పించి, ఇరవై నాలుగు ఫ్లాట్లలో ఎవరింట్లో ఏ ఏసీ ఏ రాత్రి ఏ చప్పుడు చేస్తుందో పేరుపేరునా చెప్పాడట. ఆ నెలలో ఆ ఒక్క భవనం నుంచే ఆరు పిలుపులు. కౌంటరు కదిపిన పుణ్యమే అదంతా అని సిద్ధాంతిగారు నిర్ధారించారు. నేనూ ఏకీభవించాను.

మొన్న రాత్రి మా ఏసీ కూడా కారడం మొదలుపెట్టింది. పరుపు తడిసింది. పొద్దున్నే ఫోను చేశాను.

“గురువారం వస్తాను మామయ్యా. ముందు నాలుగిళ్ళున్నాయి” అన్నాడు.

గురువారం సాయంత్రం వచ్చాడు. పైపు ఊదాడు, ఫిల్టరు కడిగాడు, కింద పడిన నీళ్ళు కూడా తుడిచాడు. తర్వాత జేబులోంచి రసీదు పుస్తకం తీసి, నా ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసి, 599 వేసి చింపి ఇచ్చాడు. నేను లోపలికి వెళ్ళి తమలపాకుల్లో నూట పదహార్లు పెట్టి తెచ్చి, “ఇవాళ్టికి నీకు ఇదే బోణీ అనుకోరా” అన్నాను.

“బోణీ పొద్దున్నే అయిపోయింది మామయ్యా” అని, ఫోనులో డబ్బు పంపే గళ్ళబొమ్మ తెరిచి నా ముందు పెట్టాడు.