‘ఖాళీ’ అని ఎవరు చెప్పారు?

పైనుంచి ‘భూమి చూపించండి’ అని ఫోన్ రావడమే ఆలస్యం, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముందు తెరుచుకునేది పోరంబోకు జాబితా. మందబయలు (ఊరి పశువుల మంద చేరే బయలు), మేత పోరంబోకు, గెడ్డ (వాగు) గట్టు... అన్నిటికీ ఒకటే పేరు: ఖాళీ. పొద్దున్నే ఊరి పశువులన్నీ మేతకెళ్లే చోటు ఖాళీ ఎలా అవుతుంది? పశువు అభ్యంతరాల అర్జీ పెట్టుకోదనా?

ఈ ఒక్క మాట ఏం చేస్తుందో ఈ జిల్లాలకు కొత్తగా చెప్పక్కర్లేదు. సోంపేట బీల అనే చిత్తడి నేలనూ కాగితాల మీద పనికిరాని నేలగానే చూపించారు. చేపలకు, పశువులకు, చుట్టుపక్కల పొలాలకు ఆధారమైన తంపర అది. థర్మల్ కేంద్రం కోసం సుమారు 970 ఎకరాలు రాసిచ్చేశారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. పర్యావరణ అనుమతి చెల్లదని ఢిల్లీలో అప్పీలు సంస్థ కొట్టేసింది కూడా అదే రోజు! గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊళ్లకు అప్పగించాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. సరిగ్గా నెలకు, ఫిబ్రవరి 28న, ఇదే శ్రీకాకుళం జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం గొడవలో మళ్లీ తుపాకులు పేలాయి.

పరిశ్రమలు రాకుండా వలసలు ఎలా ఆగుతాయని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కావలసినంతే ఎప్పుడైనా అడిగారా? భోగాపురం ఎయిర్‌పోర్టుకు మొదట 15 వేల ఎకరాలన్నారు. జనం రోడ్డెక్కాక తగ్గుతూ తగ్గుతూ 2,200 ఎకరాల దగ్గరకొచ్చింది. ఎయిర్‌పోర్టు పనులేమీ ఆగిపోలేదే! మరి మిగతా భూమి ఎవరి కోసం అడిగినట్టు? చుట్టుపక్కల పొలాల్లో లేఅవుట్ల సరిహద్దు రాళ్లు చూస్తే కొంత అర్థమవుతుంది.

పంటలు మారడం ఇంకో దెబ్బ. గరువుల్లో (మెట్ట చేలల్లో) చోడి (రాగి), గంటి (సజ్జ), ఉలవ వేసినన్నాళ్లూ గింజ మనిషికి, చొప్ప పశువుకు దక్కేవి. ఇప్పుడు నీలగిరి, సరుగుడు. కొన్నేళ్లకోసారి లారీ వచ్చి కర్ర ఎత్తుకుపోతుంది, ఈలోగా ఆ చేలో పశువుకు గుప్పెడు మేత దొరకదు. కూలీలు దొరక్క, గిట్టుబాటు లేక ఆ దారి పట్టిన రైతును మేం తప్పుపట్టం. పల్లంలోనూ కోత మిషన్ దిగాక గడ్డి తునకలై మళ్లలోనే పోతోంది. సాయంత్రం హైవే మీద వెళ్తూ చూడండి. లారీ గాలికి ఎగిరే కొంగు నడుముకు దోపుకుని, కొడవలి, గోనెసంచితో రోడ్డు వారన గడ్డి కోసే ఆడవాళ్లు కనిపిస్తారు. ఊరి బయలు ఊరికే మిగిలి ఉంటే వాళ్లకు ఈ రోడ్డుతో పనేంటి?

ఇప్పుడు శ్రీకాకుళం తీరంలోని తోటల సీమ ఉద్దానం వంతు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అప్పులు చేసి మళ్లీ పెట్టిన కొబ్బరి మొక్కలు కాపుకొచ్చే వేళకి మందస, వజ్రపుకొత్తూరు వైపు కార్గో ఎయిర్‌పోర్టు కబురొచ్చింది. కాపున్న తోటను ఖాళీ అనలేరు కదా, అందుకని అక్కడ ‘అభివృద్ధికి అనువైన భూమి’ అంటారు. మా భయం ఒక్క ఎయిర్‌పోర్టు గురించే కాదు. ఒక ఊళ్లో చెల్లిన మాటతోనే పక్క ఊరి ఫైలు కదులుతుంది. బీల పోతే బయలు, బయలు పోతే తోట, రేపు ఇంకేదో. ప్రతిసారీ ‘ఇదొక్కటే’ అంటారు. ఏ పార్టీ గద్దెనెక్కినా ఆ మాట మారలేదు. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లు రైతు భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగినవాళ్లే, కుర్చీ ఎక్కగానే సర్వే బృందాలను పంపుతున్నారు.

ఖాళీ స్థలాలు కనిపెట్టడంలో అంత నేర్పు ఉంటే విజయనగరం జిల్లాలో తాళాలు పడ్డ జూట్ మిల్లుల గేట్ల దగ్గరకు వెళ్లండి. గోగు పండించిన రైతు ఏమయ్యాడో, ఆ ఆవరణల్లో ఎన్ని ఎకరాలకు తుప్పల మొక్కలు పట్టాయో కొలిచి చెప్పండి. సర్వే గొలుసు ముందు అక్కడ పరవండి, ఆ తర్వాత మందబయలు దగ్గరకు రావచ్చు.