సవరణ: జాంజిబార్ స్టోన్ టౌన్ వ్యాసంలోని పొరపాట్లు

తూర్పు ఆఫ్రికా దేశమైన టాంజానియాకు చెందిన జాంజిబార్ ద్వీపంలోని పాత రేవు పట్టణం స్టోన్ టౌన్ గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. సముద్రతీరాన ఉన్న బైత్ అల్ అజాయిబ్, అనగా ‘అద్భుతాల భవనం’, లోపలి మ్యూజియాన్ని తప్పక చూడాలని రాశాను. జాంజిబార్ పాలకుడు సుల్తాన్ బర్గాష్ 1883లో కట్టించిన ఆ భవనం 1896లో బ్రిటిష్ యుద్ధనౌకల ఫిరంగి దాడిని సైతం తట్టుకుని నిలిచింది గాని, 2020 డిసెంబరులో మరమ్మతులు జరుగుతుండగా అందులో ఒక భాగం కూలి ఇద్దరు మరణించారు. అందువల్ల దానిని వెలుపలి నుంచి చూడటానికే సిద్ధపడి వెళ్లడం మేలు. పాత గైడు పుస్తకాన్ని నమ్మడం నా అజాగ్రత్తే.

ఆంగ్లికన్ చర్చి కట్టడంతో బానిసల సంత మూతపడిందన్న వాక్యం కూడా సరికాదు. బ్రిటిష్ వారి ఒత్తిడితో సుల్తాన్ 1873లో సంతను మూసివేయించిన తరువాతే ఆ స్థలంలో చర్చి లేచింది. సంత మూతపడినా బానిసత్వానికి ఉన్న చట్టబద్ధత 1897 వరకు తొలగలేదు. ఈ రెండో తేదీని వదిలేయడమే అసలు లోపమని నా అభిప్రాయం.

విదేశీ సందర్శకులకు 2024 అక్టోబరు నుంచి స్థానిక ప్రయాణ బీమా తప్పనిసరి అయిందన్న సంగతిని కూడా ఆ వ్యాసానికి చేర్చుకొని చదవగలరు.