హామ్ లైసెన్స్ కోసం ఇన్ని తిప్పలా!

ఒడిశా పర్లాకిమిడిలో ఉంటూ హామ్ రేడియో (సొంత వైర్‌లెస్ సెట్‌తో సరదాగా దూరాలవాళ్లతో మాట్లాడుకోవడం) లైసెన్స్ కావాలనుకోవడమే పాపమైపోయింది! దానికి రాయాల్సిన పరీక్ష ఎప్పుడండీ అంటే అధికారులు "చెప్తాం" అంటారు. ఎప్పుడు చెప్తారు బాబూ? ఫోనెత్తితే కదా! ఎత్తినా "భువనేశ్వర్ రండి". రాత్రంతా బస్సులో ఒళ్లు హూనం చేసుకుని వెళ్లి రాసేదేమిటయ్యా అంటే, బడిలో చదివిన కరెంటు పాఠం, ఓమ్ నియమం! అదే బరంపురంలో రాయిస్తే షాక్ కొడుతుందా?

అమెరికాలో 1984 నుంచీ లైసెన్సున్న వాలంటీర్లే పరీక్ష పెడుతున్నారు. ముగ్గురుంటే చాలు, ఊరి లైబ్రరీలోనే అయిపోతుంది. మొదటి మెట్టుకి 35 ప్రశ్నలు, 26 కరెక్టయితే పాస్. 2020 నుంచి ఇంట్లో కెమెరా ముందు కూర్చుని కూడా రాస్తున్నారు.

మనకి లైసెన్సున్న హామ్‌లు లేరా? 1999 సూపర్ సైక్లోన్‌లో ఫోన్లన్నీ మూగబోతే కబుర్లు చేరవేసింది వాళ్లు కాదూ? అప్పుడు జనం ప్రాణాలే వాళ్ల చేతుల్లో పెట్టారు, ఇప్పుడు అదే చేతులకి ప్రశ్నపత్రం ఇవ్వడానికి టెన్షనా?